రెండు మానికల చోళ్ళు

"రాయగడ వెళ్తున్నావు కదా, అటు కొండల్లో ఎక్కడైనా చోళ్ళ విత్తనం దొరికితే తే. కొట్లో దొరికేవి వద్దు," అంది అమ్మ. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం.

మాది సాలూరు. ఊరి బయట అమ్మకి ఎకరంన్నర మెట్ట ఉంది. నా చిన్నప్పుడు అందులో చోళ్ళు, మధ్యలో కంది సాళ్ళు, గట్టు మీద ఆముదాలు ఉండేవి. తర్వాత నాన్న జామాయిల్ వేశాడు. మూడుసార్లు నరికించాక, మొన్న వేసవిలో వచ్చిన కలప వ్యాపారి కర్ర సన్నబడిపోయిందని పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే అమ్మ ఇక జామాయిల్ వద్దు, చోళ్ళే వేస్తానని తేల్చేసింది. ఆవిడకి అరవై ఎనిమిది. వేస్తానంది గానీ ఇంట్లో గింజ విత్తనం లేదు. నాయనమ్మ పోయాక ఆవిడ విత్తనాల కుండల్లో ఒకదాంట్లో చింతపండు పెట్టుకున్నాం, ఇంకోటి పగిలిపోయింది.

స్కూలుకి సెలవు పెట్టి, రాయగడలో ఉన్న పిన్నిని తోడు తీసుకుని, 2024 నవంబర్ 12 నుంచి 17 దాకా తిరిగొచ్చాను. సంచిలో బట్టలు ఇంకా ఉతకలేదు. మర్చిపోకముందే రాస్తున్నాను.

నవంబర్ 12, మంగళవారం. రాయగడ

పిన్ని పెళ్ళై రాయగడ వచ్చి ముప్ఫై నాలుగేళ్ళు. బాబాయి కాగితం మిల్లులో చేసి రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, కోపం వస్తే రెండూ. ఆ రోజు కార్తీక ఏకాదశి కాబట్టి తను ఉపవాసం. నాకు మాత్రం ఇడ్లీ పెట్టి, చట్నీ బదులు పక్కన ఘుగ్ని వేసింది. ఘుగ్ని అంటే బఠాణీల కూర. ఇడ్లీకీ దానికీ ఏం సంబంధం అని అడగబోయి, తిన్నాక అడగడం మానేశాను.

మధ్యాహ్నం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళాం. క్యూలో ముందూ వెనకా తెలుగే. బొబ్బిలి వాళ్ళు, పార్వతీపురం వాళ్ళు, కొత్త బొలెరోకి పూజ చేయించడానికొచ్చిన గజపతినగరం కుటుంబం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇదంతా పాత విశాఖపట్నం జిల్లానే. గీత గీసి తొంభై ఏళ్ళు కావస్తున్నా అమ్మవారికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నా పని విని పిన్ని నవ్వింది. "చోళ్ళ కోసం ఆరు రోజులా? బజార్లో కిలో నలభై." తర్వాత తనే, "రేపు బుధవారం. చటికొణ సంత. కొండ మీది డొంగరియా గిరిజనులు దిగుతారు, అడుగుదాం," అంది. ఆవిడకి ఆ సంతలో ఇంకో పని కూడా ఉందని మర్నాడు తెలిసింది. తులసి పూజకి ఉసిరి కొమ్మ కావాలి.

నవంబర్ 13, బుధవారం. చటికొణ

తెల్లారకముందే బయల్దేరాం. నియమగిరి కొండల కింద, బిస్సంకటక్ దగ్గర చిన్న ఊరు చటికొణ. మంచు ఇంకా విడలేదు. కొండ దారిలోంచి డొంగరియా కోంధు ఆడవాళ్ళు వరసగా దిగుతున్నారు. తల మీద బుట్ట, జుట్టు నిండా పిన్నులు, భుజం మీద ఎరుపు, పసుపు దారాలతో కుట్టిన తెల్లటి గుడ్డ. నడక కాదు, దాదాపు పరుగు. నేను ఫోన్ తీశాను. పిన్ని నా చెయ్యి కిందికి తోసేసింది. వాళ్ళ ఫొటోలు తీయకూడదు, అధికారులు కూడా ఒప్పుకోరు. అడక్కుండా మన మొహం ఎవరైనా తీసుకుంటే మనకెలా ఉంటుంది అని కూడా అంది. అందుకే ఈ యాత్రలో చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటీ లేదు.

సంతకి చేరకముందే, దారి మొదట్లోనే కొందరు వ్యాపారులు కాచుక్కూర్చున్నారు. బుట్ట నేల మీదికి దిగకముందే దాని మీద చెయ్యి వేసి ఒక రేటు చెప్తారు. కొందరు ఇచ్చేస్తున్నారు. కొందరు ఆ చెయ్యి విదిలించుకుని మాట్లాడకుండా సాగిపోతున్నారు. ఆ విదిలింపు చూడ్డానికి నేను అక్కడే కాసేపు నిలబడ్డాను.

సీతాఫలాలు, కొండ చిక్కుళ్ళు, అరటి గెలలు, కొత్త అల్లం. ఒక పెద్దావిడ ముందు ఆకులో కొర్రలు కుప్ప పోసి ఉన్నాయి. పది సీతాఫలాలు నలభై అంది. నేను అలవాటుగా ముప్ఫై అన్నాను. పిన్ని గిల్లింది. నలభై ఇచ్చాను. ఆవిడ ఇంకో కాయ కొసరు వేసింది, నేను సిగ్గుపడ్డాను.

విత్తనం అడిగితే ఆవిడ నవ్వింది. వాళ్ళది కువి భాష. సంతలో పనికొచ్చేంత ఒడియా వచ్చు. పిన్ని అటు ఒడియాలో, ఇటు తెలుగులో మోసింది. "తినడానికైతే అమ్ముతాను. విత్తనం అమ్ముకుంటే ఇంట్లో ఇంకేం మిగుల్తుంది అంటోంది."

మరి మీ డొంగర్‌లో ఏమేం వేస్తారని అడిగాను. డొంగర్ అంటే కొండవాలు చేను. ఆవిడ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. సామలు, చోళ్ళు, కొర్రలు, జొన్న, అలసందలు, చిక్కుడు, ఆముదం, కంది... రెండు చేతులూ అయిపోయాయి. అన్నీ ఒకే వాలులో, కలిపి. ఒకేసారి కోతకి రావు. సామలు ముందు, తర్వాత చోళ్ళు, సంక్రాంతి దాటాక కందులు. వాన ముందుకొచ్చి ఒకటి పోయినా, ఎండకి ఇంకోటి మాడినా, ఏదో ఒకటి ఇంటికొస్తుంది. ఊళ్ళో విత్తనాలకి పూజ చేసేది కూడా ఆడమనిషే, బెజుణి అంటారట.

2013లో ఈ కొండ మీది పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దని వరసగా తీర్మానం చేశాయి. అప్పుడు పేపర్లో చదివి కొండ కోసం, దేవుడి కోసం అనుకున్నాను. ఆ వేళ్ళ లెక్క విన్నాక, అందులో కందులు కూడా ఉన్నాయని తెలిసింది.

ఉసిరి కొమ్మ ఇరవై రూపాయలు. పిన్ని అక్కడ మాత్రం గట్టిగా బేరమాడింది. సాయంత్రానికి రాయగడ చేరి, క్షీరాబ్ది ద్వాదశి దీపాలు పెట్టుకున్నాం.

నవంబర్ 14, గురువారం. కొరాపుట్

రాయగడ నుంచి కొరాపుట్ రైల్లో కిటికీ సీటు దొరికితే ఇంకేం అక్కర్లేదు. సొరంగం, లోయ, మళ్ళీ సొరంగం. చీకట్లోకి వెళ్ళిన ప్రతిసారీ ఎదుటి సీట్లో పిల్లలు కేకలు. బాలల దినోత్సవం నాడు స్కూల్లో లేకపోవడం నాకిదే మొదటిసారి. ఆ కేకలు విని నా క్లాసు గుర్తొచ్చింది.

కొరాపుట్‌లో చలి. ఒడియా వాళ్ళకి కార్తీకంలో చివరి ఐదు రోజులు 'పంచుక'. నెలంతా మాననివాళ్ళు కూడా ఆ ఐదు రోజులు చేపలు, మాంసం ముట్టరు. హోటల్లో నీసు వంటలన్నీ ఎత్తేసి భోజనం డెబ్బై రూపాయలకి పెట్టారు. పసుపు లేని పెసరపప్పులో కంద, అరటికాయ, పుల్లటి ఉవ్వకాయ ముక్కలు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. పిన్ని రెండుసార్లు వేయించుకుంది.

బజార్లో మహిళా సంఘం వాళ్ళు నడుపుతున్న టిఫిన్ సెంటర్ ఒకటుంది. ఒడియాలో చోళ్ళని మండియా అంటారు. మండియా గారెలు, మండియా చకులి అట్లు, బెల్లం కలిపిన మండియా లడ్డు, ఏదైనా పది రూపాయలు. గారె పైన కరకర, లోపల మెత్తన. లడ్డు మాత్రం నాకు గొంతు పట్టుకుంది, అబద్ధం ఎందుకు. పొయ్యి దగ్గరున్న ఆవిడకి తెలుగు వచ్చు. చెల్లెల్ని అరకు ఇచ్చారట. 2017లో ఒడిశా ప్రభుత్వం ఏడు జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో నవ్వారు, చోళ్ళకి సర్కారు ఏంటి అని, అంది. ఇప్పుడు నవంబర్ 10న 'మండియా దిబస' అని పండగే చేస్తున్నారు. నాలుగు రోజుల కిందటి పండగ బ్యానరు ఇంకా ఆవిడ నెత్తి మీదే ఉంది.

2024-25కి చోళ్ళకి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలు 4,290 రూపాయలు. సర్కారు మండీలో అమ్మితే ఆ ధర వస్తుంది, సంతలో షావుకారు అంత ఇవ్వడు.

"మరి డబ్బు మీ ఖాతాలోనే పడుతుందా?"

"చేను పట్టా మా ఆయన పేరున ఉంది కదమ్మా. ఆయన ఖాతాలోనే." గారె తిప్పింది. "విత్తడం నేను, కలుపు నేను, నూర్చడం నేను. మెసేజ్ మాత్రం ఆయన ఫోన్‌కి వస్తుంది. ఆయనకి చదవడం రాదు, మా అమ్మాయి చదివి ముందు నాకు చెప్తుంది."

అడవి హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టాల్లో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి. పాత జిరాయితీ పట్టాలకి ఆ సుఖం లేదు. ఆడవాళ్ళు ముందుండి చేస్తున్న వ్యవసాయం అని బ్యానరు మీద చదవడానికి బాగుంటుంది గానీ, ఈ మాట విన్నాక ఆ బ్యానరు వైపు మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

నవంబర్ 15, శుక్రవారం. కుందులి

కార్తీక పౌర్ణమి. నాలుగున్నరకే పిన్ని లేపింది. చెరువు దగ్గరికి వెళ్ళేసరికి జనం. అరటి దొప్పల్లో దీపాలు వదిలే పద్ధతి మనకీ ఉంది. ఇక్కడ పిల్లలు పడవలే వదులుతారు, రంగు కాగితాలతో, థర్మాకోల్‌తో. పూర్వం ఒడియా వర్తకులు ఇదే రోజున సముద్రం మీద జావా, బాలి వైపు వెళ్ళేవాళ్ళని దాని గుర్తుగా. ఒక పిల్లాడి పడవ ఒరిగిపోతే వాళ్ళ నాన్న మోకాలి లోతు చన్నీళ్ళలోకి దిగాడు. పిన్ని మూడు వందల అరవై అయిదు వత్తుల దీపం అక్కడే వెలిగించింది. పక్కనున్న ఒడియా ఆవిడ ఏంటది అని అడిగి, విని, చెయ్యి జోడించింది.

అక్కణ్ణుంచి కుందులి. శుక్రవారం సంత. కొరాపుట్ జిల్లాలోని పెద్ద సంతల్లో ఒకటి. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోతుందో తెలీదు. ఒక పక్క పశువులు, ఒక పక్క అల్లం గుట్టలు, ముల్లంగి, బంగాళాదుంప, మధ్యలో ఇనుప పనిముట్లు, గాజులు. లారీల వరసలో మా ఊరి లారీ కనపడింది. సాలూరు లారీ లేని చోటు భూమ్మీద ఉంటుందని నేననుకోను. డ్రైవరు మా నాన్నని ఎరిగినవాడే. "ఏటమ్మా, టీచరుద్యోగం మానేసి అల్లం వ్యాపారమా?" అన్నాడు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఒకాయన బస్తా ముందు 'విత్తనం మండియా' అన్నాడు. గింజ నిగనిగలాడుతోంది. కిలో ముప్ఫై రెండు. రెండు కిలోలు కొన్నాను. పిన్ని, "విత్తనం అమ్మరని మొన్న విన్నావు కదే," అంది. అయినా కొన్నాను. పని అయిపోయిందని లోపల సంతోషం. ఒక సంచి కొత్త అల్లం కూడా కొని డ్రైవరుకిచ్చాను, ఇంటికి చేర్చమని. రాత్రి జైపూర్ చేరాం. పెద్ద చెరువు, పాడుబడ్డ కోట గోడ. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అంతంత విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ ఊరు. మా స్కూల్లో ఆయన ఫొటో ఉంది. పిల్లలు ఎవరని అడిగితే ఇన్నాళ్ళూ జైపూర్ మహారాజు అని చెప్పి వదిలేసేదాన్ని. రాజస్థాన్ జైపూర్ అనుకుని ఉంటారని ఇప్పుడు తడుతోంది.

నవంబర్ 16, శనివారం. కుంద్ర వైపు

పొద్దున్నే జైపూర్ బజార్లో కోళ్ళ కొట్టు ముందు క్యూ సినిమా హాలు క్యూలా ఉంది. ఒడియా వాళ్ళకి నిన్నటి పౌర్ణమితో కార్తీకం అయిపోయింది. పౌర్ణమి మర్నాడు, అంటే ఇవాళ, 'ఛాడఖాయి', నెలంతా వదిలేసింది తినే రోజు. మనకేమో అమావాస్య దాకా ఇంకో పదిహేను రోజులుంది. పిన్ని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కింది.

జైపూర్ చుట్టుపక్కల నేల వరికి పుట్టిళ్ళలో ఒకటని శాస్త్రవేత్తలు అంటారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతుల్లో చేర్చింది. దీని వెనక ఉన్నవాళ్ళ పేర్లు తక్కువమందికే తెలుసు. పాత్రపుట్ ఊరి కమలా పూజారి బడికి వెళ్ళలేదు. ఇల్లిల్లూ తిరిగి దేశీ వరి విత్తనాలు పోగుచేసింది. జైపూర్‌లోని స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం వాళ్ళతో కలిసి పనిచేసింది. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 జులైలో పోయారు. కుంద్ర దగ్గర నువాగుడలో రైమతి ఘియురియా ఉన్నారు. 72 వరి రకాలు, 30 చిరుధాన్యాల రకాలు కాపాడారని పేరు. 2023లో ఢిల్లీ జీ20 సమావేశాలప్పుడు రాష్ట్రపతికీ విదేశీ అతిథులకీ చూపించడానికి తన గింజలు పట్టుకెళ్ళారు. ఆమె ఊరు దగ్గరే అయినా వెళ్ళలేదు. చెప్పాపెట్టకుండా వచ్చే మనుషులతో ఆమెకి ఇప్పటికే సరిపోతుంటుంది. పైగా కోతల రోజులు.

మేం వెళ్ళాల్సింది టిఫిన్ సెంటర్ ఆవిడ చెప్పిన ఇంకో ఊరు. ఇక్కడ ప్రతి ఊరి పేరు చివరా 'గుడ' ఉంటుంది, లేకపోతే 'పుట్'. పేరులో ఒక అక్షరం మేం తప్పు పలికాం. ఆటో అబ్బాయి ఆరు కిలోమీటర్లు అటు తీసుకెళ్ళి ఒక మామిడి చెట్టు కింద దింపాడు. అక్కడ మహిళా సంఘమూ లేదు, విత్తనాల ఇల్లూ లేదు. అరుగు మీద ముసలాయన మా మాట శ్రద్ధగా విని, మంచినీళ్ళిచ్చి, మీకు కావలసింది వేరే ఊరు అన్నాడు. నూట యాభై అదనంగా అయింది. చివరి రెండు కిలోమీటర్లు సైకిలు మీద వెళ్తున్న ఒక అమ్మాయి వెనక నడిచాం. మా కోసం ఆ పిల్ల కూడా సైకిలు దిగి నడిచింది.

ఊళ్ళో మమ్మల్ని చూసుకున్నావిడకి యాభై పైనే ఉంటాయి. నీలం చీర మోకాళ్ళ కిందికి కట్టి, మెడలో వెండి కడియం. అందరూ మావుసి అంటున్నారు, మేమూ అదే అన్నాం. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, తర్వాత సొరబుర్రలోంచి మండియా పేజ వంచి ఇచ్చింది. మన చోడి అంబలే, కాస్త పలచన, కాస్త ఎక్కువ పులుపు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పు. పిన్ని కార్తీకమని ఉల్లి పక్కన పెట్టింది. మావుసి చూసి, ఏమీ అనకుండా, చింతకాయ పచ్చడి తెచ్చిపెట్టింది.

నేను నా రెండు కిలోల సంచి గొప్పగా విప్పాను. మావుసి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, ఎండకి పట్టి, వేలితో కుప్పలు చేసింది. మూడు కుప్పలయ్యాయి. పిన్ని చెప్పింది: "మూడు రకాలు కలిశాయట. ఒకటి ముందు పండుతుంది, ఒకటి ఆలస్యంగా. నీ చేలో సగం రాలిపోతుంటే సగం పచ్చిగా ఉంటుందట. రొట్టె చేసుకు తినమంటోంది." అరవై నాలుగు రూపాయల పాఠం.

తర్వాత చేలోకి తీసుకెళ్ళింది. చాలా వరకు కోసేశారు. ఒక మడిలో మాత్రం కంకులు నిలబడి ఉన్నాయి, కొన్ని కాడలకి ఎర్ర దారం కట్టి. విత్తనం ఇంట్లో ఏరితే విత్తనం కాదట. పైరు నిలబడి ఉండగానే చేలో తిరిగి, ఒకే ఎత్తు, ఒకే రంగు, పిలకలు బాగా వేసిన మొక్కలకి దారం కట్టాలి. వాటిని విడిగా కోసి, విడిగా ఆరబెట్టాలి. ఆ పని ఎవరు చేస్తారని అడిగితే ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "మగవాళ్ళకి కంకి పెద్దదైతే చాలు. కాడ చూడరు."

వానల గురించి అడిగాను. 'పాగ' మారిపోయింది అంది. పాగ అంటే వాతావరణం. మునుపు జూన్ నడుమ రజో పండగకి నేల తడిసేది. ఇప్పుడు పండగ వెళ్ళిపోయినా దుమ్మే. పడితే ఒక్కసారే పడుతుంది, గట్లు తెంపేసి. అందుకని ఇప్పుడు నారు ఒకసారి పోయదు. పది రోజుల తేడాతో రెండు మళ్ళు పోస్తుంది. మొదటి నారు వానకి కాచి కాచి ముదిరిపోతే, రెండోది ఉంటుంది. చోళ్ళు పదిహేను ఇరవై రోజుల నారు మీద నాటాలి, ముదిరితే పిలకలు రావు. తాడుకి ముళ్ళు వేసి, జానెడు జానెడు దూరంలో ఒక్కో మొక్క. మొదటి ఏడు అత్తగారు ఆ ఖాళీలు చూసి ఏడ్చిందట, చేను బోడి చేశావని. ఆ ఖాళీల్లోనే ఇప్పుడు కలుపు తీసే చక్రం తిరుగుతుంది. "అది వచ్చాక మా ఆయన కూడా కలుపు తీస్తున్నాడు," అంది మావుసి. "చేత్తో వంగి పీకినన్నాళ్ళూ అది ఆడపని. పిడి ఉన్న యంత్రం రాగానే మగపని అయింది." చెప్తూ ఆవిడా, అనువదిస్తూ పిన్నీ పడి పడి నవ్వారు.

ఎరువు 'హండి ఖత'. పేరులోనే ఉంది, కుండ ఎరువు. పేడ, ఆవు పంచితం, బెల్లం, వేపాకు, కానుగాకు, జిల్లేడాకు కుండలో పదిహేను రోజులు మగ్గబెట్టి, నీళ్ళు కలిపి చల్లుతారు. ఖర్చల్లా బెల్లానికే. మూత తీసి వాసన చూడమంది. చూశాను. ఇంకోసారి చూడను.

నేను ఉత్సాహంగా సామలు ఆరోగ్యానికి మంచివని, మా వైపు సిటీల్లో ఎంత ధర పలుకుతున్నాయో చెప్పాను. మావుసి ఇంటి మూల రోలు చూపించింది. పట్నం నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ సామలు తినండి అంటారు, దంచేది ఎవరు అంది. చోళ్ళకి పొట్టు తీయక్కర్లేదు, మరలో పిండి పట్టిస్తే చాలు. సామలు, కొర్రలు అలా కాదు, పొట్టు గట్టిది. నాకు రోకలి ఇచ్చింది. ఐదు నిమిషాలకి అరచెయ్యి మండింది, గింజ సగం కూడా ఊడలేదు. మన దగ్గర చిరుధాన్యాలు పోవడానికి రెండు రూపాయల బియ్యం, మిల్లు తెల్లబియ్యం మోజు కారణమని నేనూ స్టాఫ్ రూమ్‌లో చెప్పిన దాన్నే. నాయనమ్మ ఎందుకు సామలు మానేసిందో ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది. ఊళ్ళో పొట్టు తీసే మర పెట్టాక ఇక్కడ సామల సాగు మళ్ళీ పెరిగిందట. మర సంఘానిదే, కిలోకి ఇంత అని తీసుకుంటారు.

భోజనం వేళకి మావుసి కోడలు కోడికూర దింపింది. ఛాడఖాయి కదా. మా కార్తీకం ఇంకా అవలేదని పిన్ని ఎంత చెప్పినా వాళ్ళకి ఎక్కలేదు. "నెల నిన్నే అయిపోయింది, అందరికీ అయిపోయింది, మీకెలా మిగిలింది?" అని కోడలు అడిగింది. మన నెల అమావాస్యకి, వాళ్ళ నెల పౌర్ణమికి పూర్తవుతుందని వివరించడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి మచ్ఛకంట బియ్యం అన్నం, కందిపప్పు, చింతకాయ పచ్చడితో లేచాం. వాళ్ళకి బాధగానే ఉంది. నాకు ఇంకా బాధగా ఉంది, ఆ కూర వాసనకి.

విత్తనాల ఇల్లు అంటే ఒక గది. వెదురు గాదెలకి పేడ అలికి, మూతల కింద వావిలాకు, వేపాకు. గోడ మీద కంకుల గుత్తులు, కింద పేర్లు రాసిన చీటీలు. బాటి, కాలియా, మామి, భారతి. ఇలాంటి రైతుల దేశీ చోళ్ళ రకాలు నాలుగింటిని ఒడిశా ప్రభుత్వం విత్తన రకాలుగా గుర్తించింది. కుంద్ర బాటి వాటిలో ఒకటి. మావుసికి ఆ గుర్తింపు మీద పెద్ద మోజు కనపడలేదు. "మేం ముందే గుర్తుపట్టాం," అంది.

విత్తనం ఇవ్వడానికి ముందు నాకు పరీక్ష. నేల ఎర్రదా, నల్లదా? వాలు ఉందా? నీళ్ళు నిలుస్తాయా? ముందు ఏం పంట? జామాయిల్ అనగానే మొహం అదోలా పెట్టింది. చివరి ప్రశ్న: "విత్తేది మీ అమ్మా, కూలివాళ్ళా?" అమ్మే అన్నాను. అప్పుడు లేచింది.

మాణతో కొలిచింది. చేత్తో పట్టుకు చూశాను, అచ్చం మన మానికే. రెండు మాణల బాటి. డబ్బు తీయబోతే పక్కనున్నవాళ్ళంతా ఒకేసారి వద్దన్నారు. ఇది అప్పు. ఒకటి తీసుకుంటే పంటయ్యాక రెండు తిరిగివ్వాలి. రిజిస్టర్‌లో ఊరి పేరు రాసే చోట సంఘం కార్యదర్శి కలం ఆపింది. ఈ పుస్తకంలో ఇంతవరకు రాష్ట్రం దాటిన అప్పు లేదట. కాసేపు తర్జనభర్జన. చివరికి పిన్నిని హామీ పెట్టుకుని ఇచ్చారు. పిన్ని ఒడియాలో సంతకం పెట్టి, నా వైపు తిరిగి తెలుగులో అంది: "నువ్వు ఎగ్గొడితే నేను రాయగడలో తలెత్తుకోలేను."

నవంబర్ 17, ఆదివారం. సునికి ఘాటు, సాలూరు

పిన్నిని కొరాపుట్‌లో రాయగడ రైలెక్కించి, నేను బస్సులో దిగాను. పొట్టంగి, సునికి, మలుపుల మీద మలుపులు. ఒడిలో రెండు మాణల మూట. పక్క సీటావిడ ప్రసాదమా అని అడిగింది.

ఇంటికొచ్చి తూస్తే రెండు కిలోలకి కాస్త తక్కువ. అమ్మ చేటలో పోసి, ముందు చెరిగి, తర్వాత ఒక గింజ పంటి కింద పెట్టింది. "మన చోళ్ళు కావు. మనవి నల్లగా ఉండేవి. కానీ బాగున్నాయి." అప్పు సంగతి, నాలుగు మానికల సంగతి చెప్పాను. "మరే, వడ్డీ లేకుండా విత్తనం ఎవరిస్తారు?" అంది, అది లోకంలో మామూలే అన్నట్టు. చింతపండు కుండ ఖాళీ చేసి, కడిగి, ఎండలో బోర్లించింది. సాయంత్రం నన్ను వావిలాకు కోసుకు రమ్మంది.

కుందులిలో కొన్న రెండు కిలోలూ పిండి పట్టించాం. అల్లం సంచి ఇంకా రాలేదు.

రాత్రి భోంచేస్తూ అమ్మ అడిగింది. "జూన్ దాకా ఎన్ని నెలలు?"

"ఏడు."

"జామాయిల్ మోళ్ళు రెండొందల పైనే ఉన్నాయి. జేసీబీ గంటకి ఎంతో కనుక్కో."